‘రజనీగంధ’ చూశాను. మన్నూ భండారీని ఎక్కడ మొదలుపెట్టాలి?

కాఫీగ్లాసు — ఆదివారం, రాత్రి 9:40

మధ్యాహ్నం అమ్మా నేనూ కూర్చుని ‘రజనీగంధ’ (1974) చూశాం. బాసు చటర్జీ సినిమా. విద్యా సిన్హా కాటన్ చీరలు, అమోల్ పాలేకర్ వాగుడు, ముకేశ్ పాట... అన్నీ బాగున్నాయి కానీ నన్ను పట్టుకున్నది అమ్మ అన్న ఒక్క మాట. సినిమా అయ్యాక టీవీ కట్టేస్తూ, “ఇద్దరి మీద మనసు పడ్డ పిల్లని ఒక్కళ్ళూ తిట్టకుండా వదిలేశారే!” అంది. మెచ్చుకుందో, ఆశ్చర్యపోయిందో నాకిప్పటికీ తెలియలేదు.

పేర్లు పడేటప్పుడు కథ మన్నూ భండారీ అని చూశాను. హిందీ చదవగలను, కాస్త నెమ్మదిగా. ఎక్కడ మొదలుపెట్టమంటారు? నవలలు వద్దు, ముందు కథలు చెప్పండి.

హిందీపంతులమ్మ — ఆదివారం, రాత్రి 10:25

ఆ సినిమాకి మూలకథ ‘యహీ సచ్ హై’. ఇదే నిజం అని అర్థం. అదే పేరుతో 1966లో కథల సంపుటి వచ్చింది. ముందు ఆ కథే చదవండి, సినిమా మీ మనసులో తాజాగా ఉండగానే.

సినిమాలో ఢిల్లీ, బొంబాయి. కథలో కాన్పూర్, కలకత్తా. దీపా డైరీ రాసుకుంటున్నట్టు కథ నడుస్తుంది, ఊరి పేరే శీర్షిక. కాన్పూర్‌లో సంజయ్ ఉంటాడు, వస్తూ రజనీగంధ పూలు తెస్తాడు (మన గుడిమల్కాపూర్ మార్కెట్లో లిల్లీ అంటాం, పేరు మారగానే రొమాన్స్ సగం పోతుంది). ఇంటర్వ్యూ కోసం కలకత్తా వెళ్తే అక్కడ పాత ప్రేమికుడు నిశీథ్ కనిపిస్తాడు. సినిమాలో ఇతని పేరు నవీన్ అని మార్చారు.

అసలు తమాషా ఆ పేరులో ఉంది. కలకత్తాలో ఉన్నన్నాళ్ళూ నిశీథే నిజం. కాన్పూర్ వచ్చి, అతని దగ్గర్నుంచి రెండు ముక్కల ఉత్తరం చూసి, గుమ్మంలో సంజయ్ పూలతో నిలబడగానే, అదిగో, ఇదే నిజం. ఎవరు దగ్గరుంటే వాళ్ళే నిజం. తన గురించి ఇంత ఒప్పేసుకునే ఆడపిల్ల అప్పటి హిందీ కథలో కొత్త. మీ అమ్మగారు పట్టుకున్నది అదే. రచయిత్రి కూడా ఆ పిల్లని తిట్టలేదు.

కృష్ణపక్షం — ఆదివారం, రాత్రి 11:05

అందరూ పూలలో కొట్టుకుపోతున్నారు కాబట్టి నేను కాస్త అడ్డం తిరుగుతాను. ఒక పరిశోధక విద్యార్థిని, పెద్ద ఊళ్ళో ఉద్యోగం సంపాదించుకున్న మనిషి, కథ మొత్తం ఇద్దరు మగాళ్ళలో ఎవరు అని తేల్చుకోవడంలోనే గడిపేస్తుంది. చివరికి గుమ్మంలో ఎవరుంటే వాళ్ళ మెడకి చుట్టుకుంటుంది. దీన్ని స్త్రీవాదం అనాలా? మంచి కథ అనండి, ఒప్పుకుంటాను. ఆ బిళ్ళ ఎందుకు తగిలించడం?

గోదారిగట్టు — సోమవారం, ఉదయం 6:50

కృష్ణపక్షం గారూ, కాలం చూడాలి కదండీ. 1950ల చివర, 60లలో హిందీలో ‘నయీ కహానీ’ (కొత్త కథ) అనే ఉద్యమం పెద్ద ఊపు. మోహన్ రాకేశ్, కమలేశ్వర్, రాజేంద్ర యాదవ్ ముగ్గురూ ముందు వరుస. వాళ్ళ కథల్లో ఆడవాళ్ళున్నారు, బాగానే ఉన్నారు, కానీ చూసే కన్ను మగవాడిది. అదే రోజుల్లో కృష్ణా సోబ్తీ, ఉషా ప్రియంవద, మన్నూ భండారీ రాయడం మొదలుపెట్టాక కిటికీ అవతలి వైపు నుంచి చూసినట్టయింది. మన్నూ మొదటి సంపుటి ‘మై హార్ గయీ’ 1957లో వచ్చింది.

కథలే చెప్పమన్నారు గానీ నవల గురించి ఒక్క ముక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మా నాన్నగారు రైల్వేలో, నాగపూర్‌లో ఉండేవాళ్ళం. ఇంటికి ‘ధర్మయుగ్’ వచ్చేది. అందులోనే ‘ఆప్‌కా బంటీ’ సీరియల్‌గా వచ్చింది. పుస్తకంగా వచ్చింది 1971లో. పత్రిక మా ఇంటికి ముందు వచ్చేది కాబట్టి పక్క క్వార్టర్స్ ఆంటీలు వంట పొయ్యి మీద వదిలేసి వచ్చేవాళ్ళు. ఒకావిడ నిలబడే చదివేసి, ఏమీ మాట్లాడకుండా పుస్తకం అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయేది. నాకు బంటీ కన్నా రెండు మూడేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. నా ఈడువాడి గురించి పెద్దవాళ్ళు ఇంతలా బాధపడతారా అని వింతగా ఉండేది.

కాఫీగ్లాసు — సోమవారం, ఉదయం 8:15

బంటీ కథేమిటో రెండు మాటల్లో చెప్పరా?

గోదారిగట్టు — సోమవారం, ఉదయం 9:02

అమ్మ శకున్, కాలేజీ ప్రిన్సిపాల్. నాన్న అజయ్ కలకత్తాలో విడిగా ఉంటాడు. వకీల్ చాచా అని ఒకాయన ఇద్దరి మధ్యా తిరుగుతుంటాడు, చివరికి విడాకుల కాగితాలూ ఆయనే తెస్తాడు. శకున్ డాక్టర్ జోషీని పెళ్ళి చేసుకుంటుంది. బంటీ తన తోట, తన ఇల్లు వదిలి ఆ ఇంటికి వెళ్తాడు. అక్కడ ఇద్దరు పిల్లలు ముందే ఉన్నారు. వీడు మిగులు. తర్వాత నాన్న దగ్గరికి కలకత్తా వెళ్తాడు. అక్కడ మీరా ఉంది, చంటిబిడ్డ ఉంది. మళ్ళీ మిగులు. ఆఖరికి హాస్టల్.

కృష్ణపక్షం — సోమవారం, ఉదయం 9:30

చూశారా, నా మాటకే వచ్చారు. ఆ నవల చదివి ఎంతమంది “అందుకే ఆడది సర్దుకుపోవాలి” అన్నారో! విడాకులు తీసుకున్న తల్లి వల్ల పిల్లాడు చెడిపోయాడు అని తేల్చడానికి దీన్ని మించిన సాక్ష్యం ఇంకోటి దొరకదు.

దూరపుచుట్టం — సోమవారం, ఉదయం 10:10 (నాకిక్కడ అర్ధరాత్రి, న్యూజెర్సీ)

చాలా రోజులుగా చదువుతున్నానే గానీ రాసింది లేదు. ఈ మాటకి ఉండబట్టలేక రాస్తున్నాను.

నేను రెండిళ్ళ పిల్లని. అమ్మ ఇంట్లో ఒక టూత్‌బ్రష్, నాన్న ఇంట్లో ఒకటి. నాన్న ఇంటి బ్రష్ ఎప్పుడూ కొత్తగానే ఉండేది, నెలకి రెండు రోజులే కదా వాడేది. ‘ఆప్‌కా బంటీ’ నేను ముప్ఫై దాటాక చదివాను. అందులో బంటీ మీద ఎంత జాలి వేసిందో శకున్ మీదా అంతే వేసింది, అది నేను అనుకోలేదు. ఆవిడ రెండో పెళ్ళిలో అజయ్‌ని ఓడించాలన్న పంతం కూడా కొంత ఉంది, తనకి కాస్త సుఖం కావాలన్న ఆశా ఉంది. రచయిత్రి రెండూ దాచలేదు. తల్లి అంటే త్యాగమే అని రాసి ఉంటే నేను సగంలో మూసేసేదాన్ని. తల్లిలో ఒక మామూలు మనిషి కూడా ఉంటుంది, ఆ మనిషికీ తల్లికీ మధ్య పిల్లాడు నలిగాడు. ఎవరిది తప్పో చెప్పమంటే నాకిప్పటికీ తెలియదు, నా సంగతిలోనూ.

కృష్ణపక్షం — సోమవారం, ఉదయం 10:22

సరేనండి. ఆ “చెడిపోయాడు” అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నల్లకోటు — సోమవారం, మధ్యాహ్నం 1:35

కోర్టులో లంచ్. బంటీ అనగానే మా లా కాలేజీ రోజులు గుర్తొచ్చాయి. కాపీరైట్ చట్టం పాఠంలో ఈవిడ పేరుతోనే కేసు ఉంది. ఆవిడ పెద్ద రచయిత్రి అని తర్వాతెప్పుడో తెలిసింది నాకు.

విషయం ఇది. ‘ఆప్‌కా బంటీ’ హక్కులు తీసుకుని ‘సమయ్ కీ ధారా’ అని సినిమా తీశారు. పేరు మార్చారు, మనుషుల్ని మార్చారు, ముగింపు మార్చారు. ఆవిడ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. డబ్బు తీసుకుని హక్కులు అమ్మేశాక ఇంకేం మాట్లాడతారు అన్నది అవతలి వాదన. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ఏం చెప్తుందంటే, హక్కులు అమ్మినా సరే, రచనని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకి ఉంటుంది. 1986లో హైకోర్టు ఆ సెక్షన్‌కి మామూలు కాపీరైట్ కన్నా పెద్ద పీట వేసింది. సినిమాకి తగ్గట్టు కొన్ని మార్పులు తప్పవు, కానీ అవి కథ ఊపిరి తీసేలా ఉండకూడదు అన్నది సారాంశం. చివరికి ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి, సినిమా నుంచి ఆవిడ పేరు తీసేశారు.

మన దేశంలో రచయితల నైతిక హక్కుల గురించి ఎవరు వాదించినా ఇప్పటికీ ఈ కేసు ఎత్తాల్సిందే. క్లయింట్లు “సార్, సైన్ చేసేశాను కదా, ఇంకేం చేస్తాం” అని వస్తారు చూడండి, వాళ్ళకి నేను చెప్పే మొదటి పేరు ఈవిడదే.

కాఫీగ్లాసు — సోమవారం, మధ్యాహ్నం 2:10

వామ్మో. నేను పూల సినిమా చూసి ఇక్కడికొస్తే ఎక్కడిదాకా వచ్చాం! అసలీవిడ ఎక్కడి మనిషి?

హిందీపంతులమ్మ — సోమవారం, రాత్రి 9:15

ఇది నా సబ్జెక్టు, కాస్త పొడుగవుతుంది, ఓర్చుకోండి.

1931 ఏప్రిల్ 3న మధ్యప్రదేశ్‌లోని భాన్‌పురాలో పుట్టారు. అసలు పేరు మహేంద్ర కుమారి, ఇంట్లో మన్నూ. పెరిగింది అజ్మీర్‌లో, బ్రహ్మపురి మొహల్లాలో రెండంతస్తుల ఇల్లు. తండ్రి సుఖ్‌సంపత్ రాయ్ భండారీ ఇంగ్లీషు-హిందీ నిఘంటువు తయారుచేసిన పండితుడు. పేరొచ్చింది, డబ్బు రాలేదు. పై అంతస్తులో ఆయనా, చెల్లాచెదురుగా పుస్తకాలూ. కింద తల్లి, పిల్లలు, మిగిలిన సంసారమంతా.

ఇదంతా ఆవిడ ఆత్మకథ ‘ఏక్ కహానీ యహ్ భీ’ (2007)లో ఉంది. దానికి 2008 వ్యాస్ సమ్మాన్ పురస్కారం వచ్చింది. సీబీఎస్ఈ పదో తరగతి హిందీ పుస్తకంలో అందులో ఒక ముక్క పాఠంగా పెట్టారు, నేను ఏటా చెప్తాను. అందులో ఒక మాట దగ్గర నా క్లాసు ఎప్పుడూ ఆగిపోతుంది. తండ్రి వంటింటిని ‘భటియార్‌ఖానా’ అనేవాడు. సత్రాల్లో వంట వండే చోటు అన్నమాట. కూతురు అక్కడ ఉంటే తెలివంతా ఆ భట్టీలో, అంటే పొయ్యిలో, పోసినట్టే అని ఆయన బాధ. అందుకని మేడ మీదికి పిలిచి రాజకీయ చర్చలు వినమనేవాడు. ఎంత మంచి తండ్రి! కానీ అదే మనిషి, ఆ పిల్ల వీధిలో అబ్బాయిలతో కలిసి నినాదాలిస్తే, చౌరస్తాలో ఉపన్యాసమిస్తే, పరువు పోయిందని మండిపడేవాడు. వినడానికి మేడ మీదికి రావచ్చు, మాట్లాడటానికి వీధిలోకి వెళ్ళకూడదు.

ఒకసారి ప్రిన్సిపాల్ నుంచి ఉత్తరం వచ్చింది, మీ అమ్మాయి మీద చర్య ఎందుకు తీసుకోకూడదు అని. ఉగ్రుడై వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది. కాలేజీ మొత్తం ముగ్గురమ్మాయిలు సైగ చేస్తే నడుస్తోందట, అందులో మన పిల్ల ఒకతి! ఇక్కడికొచ్చేసరికి పిల్లలు నవ్వుతారు. కిందటేడు ఒకమ్మాయి మాత్రం నవ్వలేదు. “మా డాడీ కూడా అంతే మేడమ్, ఫ్రెండ్స్ ముందు ఒకలా, ఇంట్లో ఒకలా” అంది. వెనక బెంచీలో ఇంకో ఇద్దరు తల ఊపారు.

ఆ ఉత్సాహానికి కారణం శీలా అగ్రవాల్ అనే లెక్చరర్. ఏం చదవాలో ఆవిడే నేర్పింది, స్వాతంత్ర్యోద్యమంలోకీ ఆవిడే లాగింది. 1947లో అమ్మాయిల్ని రెచ్చగొడుతోందని ఆవిడకి నోటీసిచ్చారు, వీళ్ళని కాలేజీలోకి రానివ్వలేదు. బయటే గొడవ చేసి, మూసేసిన థర్డ్ ఇయర్ క్లాసులు ఆగస్టులో మళ్ళీ తెరిపించుకున్నారు. ఆ గెలుపు సంబరం కాస్తా అంతకన్నా పెద్ద సంబరంలో కలిసిపోయింది, ఆగస్టు 15.

ఇంకో సంగతి. తండ్రికి తెల్ల రంగు అంటే బలహీనత. అక్క సుశీల తెల్లగా, బొద్దుగా ఉండేది. ఈవిడ నల్లగా, బక్కగా. చిన్నప్పటి ఆ పోలిక ఎంత లోతుగా దిగిందంటే, పేరు ప్రతిష్ఠలు వచ్చాక కూడా ఎవరైనా పొగిడితే ముడుచుకుపోయేదాన్నని రాసుకున్నారు.

తర్వాత బనారస్‌లో ఎంఏ, కలకత్తాలో టీచరు ఉద్యోగం, ఆ తర్వాత ఢిల్లీ మిరాండా హౌస్ కాలేజీలో 1991 దాకా లెక్చరర్. 2021 నవంబర్ 15న గురుగ్రామ్‌లో పోయారు.

కృష్ణపక్షం — సోమవారం, రాత్రి 9:58

టీచరు గారూ, బాగా చెప్పారు. కానీ ఒక పెద్ద పేరు దాటేశారు. భర్త.

హిందీపంతులమ్మ — సోమవారం, రాత్రి 10:20

దాటేయలేదండీ, దాన్ని వంట మధ్యలో రాయడం ఇష్టంలేక ఆగాను.

1959లో రాజేంద్ర యాదవ్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరూ కలిసి ‘ఏక్ ఇంచ్ ముస్కాన్’ అనే నవల ఒకరి అధ్యాయం తర్వాత ఒకరు రాశారు. బయటనుంచి చూస్తే హిందీ సాహిత్యంలో ఆదర్శ దంపతులు. పెళ్ళయిన కొత్తలోనే ఆయన ఇల్లు ఒకటే గానీ ఎవరి జీవితం వారిది అన్న సిద్ధాంతం చెప్పారట. ఆధునికంగా వినిపిస్తుంది. ఆచరణలో ఏమైందంటే, ఆయనకి రాయడం, స్నేహాలు, ఇంకో స్త్రీతో సంబంధం. ఈవిడకి ఉద్యోగం, ఇల్లు, అద్దె, బిడ్డ. ఆ మధ్యలోంచి దొంగిలించిన గంటల్లో కథలు. దాదాపు ముప్ఫై ఐదేళ్ళ తర్వాత విడిగా ఉండమని తనే చెప్పారు.

ఆ యాదవ్ గారే 1986 నుంచి ‘హంస్’ పత్రిక నడిపి, హిందీలో స్త్రీవాద చర్చకి, దళిత చర్చకి పెద్ద వేదిక ఇచ్చారు. అదీ నిజమే.

కృష్ణపక్షం — సోమవారం, రాత్రి 10:41

ముప్ఫై ఐదేళ్ళు! అందుకే నేను బిళ్ళ వద్దంటున్నది. రాతలో ధైర్యం, బతుకులో సర్దుబాటు.

దూరపుచుట్టం — సోమవారం, రాత్రి 11:30

బతుకులో సర్దుకున్న మాట కూడా ఆవిడే రాసింది కదండీ. మనకి ఎవరు చెప్తే తెలిసింది?

వేదిక నిర్వాహకుడు — మంగళవారం, ఉదయం 7:00

రాత్రి రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఎవరి దాంపత్యం గురించైనా వాళ్ళు రాసుకున్నంత మేరకే మాట్లాడండి. పుస్తకాల మీద ఎంతైనా కొట్టుకోండి.

గోదారిగట్టు — మంగళవారం, ఉదయం 7:40

ఈ ఇల్లూ వాకిలీ గొడవలో ‘మహాభోజ్’ని మర్చిపోకండి. ఆడవాళ్ళు సంసారాల గురించే రాస్తారనేవాళ్ళకి ఇదొక్కటి చేతిలో పెడితే చాలు. 1979 నవల. 1977లో బీహార్‌లోని బేల్చీలో దళితుల్ని చంపేసిన ఘటన నుంచి పుట్టింది. నవలలో సరోహా అనే ఊరు. హరిజనుల గుడిసెలు తగలబెట్టారు. సాక్ష్యాలు కూడబెట్టిన బిసేసర్ అనే కుర్రాడు శవమై తేలాడు. అదే సమయానికి ఉప ఎన్నిక. ఇక ఆ శవం చుట్టూ అధికార పక్షం, ప్రతిపక్షం, పత్రిక, పోలీసు, అందరికీ విందే. అందుకే పేరు మహాభోజ్. ముఖ్యమంత్రి దా సాహెబ్ గొంతు పెంచడు, గీత వల్లిస్తుంటాడు. నిజం తవ్విన ఎస్పీ సస్పెండ్, చనిపోయినవాడి స్నేహితుడే హంతకుడు అని కేసు. తర్వాత నాటకం చేశారు, 1982లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా రెపర్టరీకి అమాల్ అల్లానా దర్శకత్వం వహించారు.

నేనిది చదివింది కారంచేడు (1985) అయిన కొన్నాళ్ళకి. పేపరు ఏదో, నవల ఏదో తెలియలేదు నాకు.

నల్లకోటు — మంగళవారం, మధ్యాహ్నం 1:20

దూరదర్శన్ ‘రజనీ’ (1985) సీరియల్లో కొన్ని ఎపిసోడ్లు కూడా ఈవిడ రాసినవే. ట్యూషన్ పెట్టించుకోలేదని మార్కులు తగ్గించిన మాస్టారి ఎపిసోడ్ పదకొండో తరగతి హిందీ పుస్తకంలో ఉంది. మా అమ్మ ఆ సీరియల్ చూసి రేషన్ షాపు అతనితో గొడవపెట్టుకుంది. మా వకీలు వృత్తి అక్కడే మొదలైందని ఇంట్లో జోకు.

కాఫీగ్లాసు — బుధవారం, రాత్రి 10:50

‘యహీ సచ్ హై’ అయిపోయింది, ‘త్రిశంకు’ కూడా. (అదే పేరుతో 1978 సంపుటి, నా ఫోన్‌లో డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.)

‘త్రిశంకు’ చదువుతూ రెండుసార్లు ఫోన్ పక్కన పెట్టేశాను, మా ఇల్లే అది. కూతురు చెప్తుంది కథ, ఆ పిల్ల పేరే ‘తను’. మమ్మీ తన తండ్రిని ఎదిరించి ప్రేమ పెళ్ళి చేసుకుంది, వచ్చినవాళ్ళందరికీ ఆ కథ గర్వంగా చెప్తుంది. ఎదురింటి కుర్రాళ్ళు తనుని ఏడిపిస్తుంటే, కోప్పడటం కాదు, వాళ్ళనే టీకి పిలుస్తుంది. ఎంత మోడర్న్! ఆ కుర్రాళ్ళలో ఒకడితో తనుకి స్నేహం ముదిరేసరికి మాత్రం మమ్మీ గొంతులోంచి తాతగారు మాట్లాడటం మొదలుపెడతారు. తర్వాత మళ్ళీ మమ్మీ అయిపోతుంది. ఆ పిల్ల బాధేంటంటే, తాతగారు నూటికి నూరు పాళ్ళు తాతగారే కాబట్టి మమ్మీకి ఎదిరించడం సులువైంది. పూటకోసారి మారే ఈ మమ్మీతో ఎలా పోట్లాడాలి?

టీచరు గారు చెప్పిన మేడ మీది తండ్రే కదా ఇతను! చీర కట్టుకుని వచ్చాడు.

కృష్ణపక్షం — బుధవారం, రాత్రి 11:15

ఇది ఒప్పుకుంటున్నాను. ‘త్రిశంకు’ మళ్ళీ చదివాను మీవల్ల. మగాణ్ణి తిట్టడం తేలిక, మంచి మాటలు మాట్లాడే మనలాంటి వాళ్ళని దొరకబుచ్చుకోవడం కష్టం. ‘స్త్రీ సుబోధిని’ కూడా చూడండి. పెళ్ళయిన బాస్‌ని ప్రేమించి దెబ్బతిన్న ఒక ఉద్యోగిని, తోటి ఆడవాళ్ళకి హితబోధ చేస్తున్నట్టు రాసిన కథ. హాస్యంగా మొదలవుతుంది, నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఎక్కడో గొంతులో అడ్డుపడుతుంది. ‘యహీ సచ్ హై’ మీద నా అభిప్రాయం మాత్రం మారదు.

హిందీపంతులమ్మ — గురువారం, ఉదయం 6:30

మారక్కర్లేదండీ, మీరొక్కరు అడ్డం తిరక్కపోతే ఇన్ని పుస్తకాలు బయటికొచ్చేవా? కాఫీగ్లాసు గారూ, ఇప్పుడు ‘అకేలీ’ చదవండి. చిన్నది. అమ్మగారికి చదివి వినిపించండి, భాష చాలా తేలిక.

కాఫీగ్లాసు — ఆదివారం, రాత్రి 8:20

వినిపించాను. అమ్మ బీరకాయలు తొక్క తీస్తోంది, నేను ఒక్కో పేరా చదివి తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళాను.

సోమా బువా ముసలావిడ. ఒక్కగానొక్క కొడుకు పోయాడు, ఆ దెబ్బకి భర్త సన్యాసం తీసుకుని హరిద్వార్‌లో ఉంటాడు, ఏడాదికి ఒక్క నెల ఇంటికొస్తాడు. వచ్చిన ఆ నెలా ఈవిడ పదిళ్ళకి తిరగడం మీద ఆంక్షలు. ఊళ్ళో ఎవరింట్లో కార్యమైనా పిలవకపోయినా వెళ్ళి పని నెత్తినేసుకుంటుంది. ఒకరింట్లో పుట్టెంట్రుకలకి వెళ్తే సమోసాలు పచ్చిగా దించేశారు, గులాబ్‌జామూన్ ఒక పంక్తికి కూడా చాలవు. అప్పటికప్పుడు మైదా కలిపి కొత్తవి చేసింది. ఇక్కడ అమ్మ చాకు ఆపింది. “మన సీత పెద్దమ్మ” అంది. ఆవిడా అంతే, పెళ్ళిళ్ళలో వంటవాళ్ళ దగ్గరే ఉండేది, ఫొటోల్లో ఎక్కడా కనిపించదు.

తర్వాత భర్త తరపు దూరపు బంధువుల పెళ్ళి. పిలుపుల జాబితాలో నీ పేరుంది, నేను చూశానని ఎవరో అంటారు. ఖాళీ చేతులతో వెళ్ళడం ఎలా? కొడుకు గుర్తుగా మిగిలిన ఒకే ఒక్క ఉంగరం పక్కింటి రాధకిచ్చి అమ్మించి, వెండి కుంకుమ భరిణ, చీర, జాకెట్టు గుడ్డ కొంటుంది. తన తెల్లచీరకి పసుపు రంగు అద్ది గంజి పెట్టుకుంటుంది. కొత్త గాజులు. సాయంత్రం ఐదింటికి ముహూర్తం. మేడ మీద నిలబడి వీధి చివరికి చూస్తూ ఉంటుంది. ఏడవుతుంది. ఎవరూ పిలవడానికి రారు. కిందికి దిగి, పళ్ళెంలో సర్దిన సామానంతా జాగ్రత్తగా తన ఒకే ఒక్క పెట్టెలో పెట్టేసి, కుంపటి రాజేసుకుంటుంది.

చదవడం అయిపోయింది. బీరకాయ తొక్కలు కాగితంలో పోగేస్తూ అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “తాకట్టు పెట్టాల్సింది. ఎవరైనా అమ్ముకుంటారా?” అంది. కోపంగానే అంది.

పొద్దున్న ఇంకోటి వినిపించమంది. ఏది చదవను?

గోదారిగట్టు — ఆదివారం, రాత్రి 8:45

‘రానీ మా కా చబూత్రా’. బీరకాయలు కాకుండా వేరే కూర పెట్టుకోమనండి, అది కాస్త పొడుగు.